మచ్చుకత్తికి ఇంట్లోనే పదును పెట్టడం ఎలా?

కొబ్బరి తోట ఉన్న ఇంట్లో మచ్చుకత్తి లేకుండా రోజు గడవదు. మట్టలు కొట్టాలన్నా, బొండం చెక్కాలన్నా, గట్టు మీద తుప్పలు నరకాలన్నా అదే కావాలి. అయినా మా కోనసీమలో ఎన్ని ఇళ్ళల్లోనో ఆ కత్తి మొద్దుబారి, తుప్పుపట్టి ఓ మూల పడి ఉండటం చూశాను. మొద్దుకత్తే ప్రమాదం. బొండం మీద దిగకుండా జారి, పట్టుకున్న చేతి మీదికి వస్తుంది.

ఇంట్లో పదును పెట్టుకునేవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "పెట్టిన రోజు బాగానే తెగుద్దండీ, మర్నాటికే పోద్ది. ఇనుం మంచిది కాదు." ఇనుము మంచిదే. కమ్మరి లారీ కమాను పట్టీ సాగగొట్టి చేసిన కత్తికి మించిన ఉక్కు ఇంటి పనికి అక్కర్లేదు. లోపం మనం పదును పెట్టే తీరులో ఉంది. ఆఖరి పని చెయ్యకుండా లేచిపోతాం.

కావలసినవి: పిడి వేసిన పదంగుళాల ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు), ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉండే కార్బొరండం సానరాయి, రెండు సి-క్లాంపులు, సుద్దముక్క, నల్ల మార్కర్, మందపాటి చేతి తొడుగులు, కాస్త ఆముదం. పిడి లేని ఆకురాయి ముట్టుకోవద్దు, దాని తోక అరచేతిలో దిగుతుంది.

కరెంటు గ్రైండర్ జోలికి అసలు పోవద్దు. కమ్మరి కత్తిని కొలిమిలో కాల్చి, చల్లార్చి, గట్టిదనం తెస్తాడు. గ్రైండర్ రాపిడికి పల్చటి వాదర, అంటే కోసే అంచు, క్షణాల్లో వేడెక్కుతుంది. నీలం రంగు తేలిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్ళినట్టు, అక్కడ గట్టిదనం సడలినట్టు. ఒకసారి వీధిలోకి వచ్చిన సానపట్టే అతనికి నా కత్తి ఇచ్చాను. రెండు నిమిషాల్లో తళతళలాడుతూ తెచ్చిచ్చాడు. మొన దగ్గర రెండు వేళ్ళ వెడల్పున నీలం మచ్చ. ఆ తర్వాత మట్ట కొట్టిన ప్రతిసారీ వాదర అక్కడే మడతపడేది. ఆ భాగం పూర్తిగా అరగదీసేదాకా కత్తి దారికి రాలేదు. ఆకురాయి నిదానంగా పోతుంది, ఉక్కును కాల్చదు.

ముందు కత్తి మీది జిగురు, తుప్పు కిరసనాయిల్ గుడ్డతో, స్టీలు పీచుతో తోమేయండి. బల్ల అంచున కత్తిని పడుకోబెట్టి, వెన్ను మీ వైపు, వాదర అవతలి వైపు, ఒక వేలెడు బయటికి ఉండేలా క్లాంపులు బిగించండి. కాలితో తొక్కిపట్టి రాసే అలవాటు మానండి. ఆకురాయి పళ్ళకు సుద్ద రుద్దితే ఇనుప రజను ఇరుక్కోదు. వాదర గాట్లుపడి ఉంటే పెద్దవి సమం చేస్తే చాలు. చిన్నవి రెండు మూడు సానల్లో వాటంతటవే పోతాయి.

ఇక వాలు. చదరపు కాగితం మూల 90 డిగ్రీలు. ఒకసారి మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే 22న్నర. ఆ మడత కోసు వాదర దగ్గర ఉండేలా కత్తి మీద ఆనించి చూసుకుంటే ఆకురాయి ఎంత ఎత్తున పట్టాలో తెలుస్తుంది. మొన వైపు సగానికి ఆ వాలు. పిడి వైపు సగం కొబ్బరి డొక్క (పీచు తొక్క) చెక్కడానికి, ఎండు కట్టె కొట్టడానికి కాబట్టి ఇంకాస్త ఎత్తి, 30 డిగ్రీల దాకా. వాదర మీద మార్కర్‌తో నల్లగా పూసి, ఒక్కసారి ఆకురాయి నెట్టి చూడండి. నలుపు కింది అంచున మాత్రమే పోతే ఎక్కువ ఎత్తారు. పైన పోయి అంచున మిగిలితే మరీ పడుకోబెట్టారు. వాలంతా ఒకేలా తెల్లబడాలి.

ఆకురాయిని వెన్ను వైపు నుంచి వాదర మీదుగా ముందుకే నెట్టండి. వెనక్కి వచ్చేటప్పుడు పైకెత్తండి. ముందుకు పోయేటప్పుడే అది కోస్తుంది. వెనక్కి రాస్తే దాని పళ్ళే మొద్దుబారతాయి.

అసలు కష్టం ఇక్కడే. ఎంతసేపు రాయాలి? లెక్కపెట్టి పాతిక సార్లు, యాభై సార్లు అనేవాళ్ళ మాట వినకండి. రాస్తున్న వాలుకు అవతలి వైపు అంచున పల్చటి రేకు లేచేదాకా రాయాలి. ఉక్కు అరిగి అరిగి అంచు చివరికి పల్చబడి, అవతలికి వంగిపోతుంది. అదే రేకు. కంటికి ఆనదు. బొటనవేలిని వెన్ను నుంచి వాదర వైపు అడ్డంగా జారిస్తే, చివర గోటికి ఏదో గీరినట్టు తగులుతుంది. వాదర పొడుగునా ఎప్పుడూ వేలు జార్చకండి, తెగుతుంది.

ఆ గీర పిడి నుంచి మొన దాకా తగలాలి. ఒక్క చోట తగలకపోయినా అక్కడ ఇంకా మొద్దే ఉందని అర్థం, ఆ ముక్క మళ్ళీ రాయండి. అంతటా లేచాకే కత్తి తిప్పి, రెండో వైపు అదే వాలుతో రాయండి. రేకు ఇప్పుడు మొదటి వైపుకు వంగుతుంది.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆ క్షణాన కత్తి బ్రహ్మాండంగా తెగుతుంది, ఎందుకంటే కోస్తున్నది ఆ రేకే. నాలుగు మట్టలు కొట్టేసరికి అది మడతపడో, విరిగో పోతుంది. కింద గరుకు మొద్దు మిగులుతుంది. మర్నాటికి పదును పోవడం అంటే ఇదే.

రేకును తీయడానికి రాయిని నీళ్ళలో తడిపి, గరుకు వైపుతో మొదలుపెట్టండి. అదే వాలు, బరువు మాత్రం సగానికి సగం తగ్గించాలి. ఒకవైపు అయిదు, రెండో వైపు అయిదు. తర్వాత నునుపు వైపుతో మూడేసి, చివరికి ఒక్కొక్కటి, రాయి బరువు తప్ప చేతి బరువు పడకుండా. గట్టిగా నొక్కితే పాత రేకు పోయినా కొత్తది లేస్తుంది. తొందరపడేవాళ్ళకు కత్తి ఎప్పటికీ కుదరదు. దూదిని వెన్ను నుంచి వాదర మీదుగా మెల్లగా లాగి చూడండి. పోగులు చిక్కుకున్న చోట రేకు ఇంకా ఉంది. రెండు వైపులా దూది జారిపోతే అయినట్టే. చేతి వెంట్రుకలు గొరిగేంత పదును తీసేవాళ్ళూ ఉన్నారు. కొబ్బరి డొక్క మీద ఆ అంచు నిలవదు, వద్దు.

పని అయ్యాక ప్రతిసారీ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆముదం పల్చగా పూయండి. కొబ్బరినూనె కంటే ఆముదమే మేలు, చిక్కగా అంటుకుని ఉంటుంది. కొబ్బరినీళ్ళు తగిలిన కత్తి తుడవకుండా పెడితే తెల్లారేసరికి ఎర్రమచ్చలు వేస్తుంది. తోలు ఒరలో భద్రపరచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది. పిల్లలకు అందని ఎత్తులో మేకుకు తగిలించండి. పిడి, దాని పొన్ను (పిడి మొదట్లో బిగించిన లోహపు కట్టు) కదులుతున్నాయేమో వాడే ముందు ఒకసారి ఊపి చూడండి. దసరాకు ఆయుధపూజలో పసుపు రాసి బొట్టు పెట్టిన కత్తిని మర్నాడు పొద్దున్నే తుడిచి నూనె పెట్టాలి. ఆ తడి పసుపు కింద నుంచే తుప్పు మొదలవుతుంది.