స్కాన్ పంపాం, అయినా డాక్టర్‌కి సరిగ్గా కనబడట్లేదా?

చిన్న ఊళ్లో రాత్రిపూట సీటీ తీసి, రిపోర్టు కోసం సిటీలో ఉన్న రేడియాలజిస్టుకు పంపడం ఇప్పుడు మామూలైపోయింది. చిక్కొచ్చేది చాలాసార్లు పంపే దగ్గరే.

సమస్య: "బొమ్మ మసకగా ఉంది, రక్తస్రావం ఉందో లేదో చెప్పలేను" అంటున్నారు.

కారణం: మానిటర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. సీటీ ఫైల్లో నలుపు నుంచి తెలుపు దాకా సుమారు 4096 స్థాయిలుంటాయి. మామూలు ఫొటోలో మిగిలేవి 256. పైగా ఎముకకు ఒక విండో (ఏ స్థాయిలు తెరమీద తేడాగా కనబడాలో మార్చే సెట్టింగ్), మెదడుకు ఒకటి, ఊపిరితిత్తులకు మరొకటి మార్చుకుంటూ చూడాలి. ఫొటోలో ఆ వీలే లేదు. తలకు దెబ్బ తగిలిన మనిషి విషయంలో పుర్రె అంచున పల్చగా పేరుకున్న రక్తం ఎముక తెలుపులో కలిసిపోయి కనబడకపోవచ్చు.

పరిష్కారం: స్కానర్ ఇచ్చే అసలు ఫైళ్లు, అంటే డైకామ్ ఫైళ్లే పంపండి. సీడీ ఉంటే మొత్తం కాపీ చేసి జిప్ చేయండి. డైకామ్‌డిర్ అనే ఫైలొక్కటే పంపితే లాభం లేదు, అది పట్టిక మాత్రమే, బొమ్మలు అందులో ఉండవు.

సమస్య: సగం స్లైసులే (స్కాన్‌లోని విడివిడి అడ్డుకోత బొమ్మలు) చేరాయి.

కారణం: ఒక్కో స్లైసు దాదాపు అర ఎంబీ. 300 స్లైసులంటే 150 ఎంబీ. అప్‌లోడ్ స్పీడ్ సెకనుకు 2 మెగాబిట్లు ఉంటే తక్కువలో తక్కువ పది నిమిషాలు. మధ్యలో నెట్ పోతే అంతే.

పరిష్కారం: నాణ్యత తగ్గని లాస్‌లెస్ కంప్రెషన్ వాడండి. పంపాక ఫోన్ చేసి, సిరీస్‌వారీగా (స్కాన్‌లోని ఒక్కో బొమ్మల వరసకూ) రెండు వైపులా బొమ్మల లెక్క సరిచూసుకోండి. ఈ ఒక్క ఫోన్ మాత్రం మానొద్దు. సగం స్కాన్ చూసి "నార్మల్" అని రాస్తే నష్టపోయేది పేషెంటే.

సమస్య: పాక్స్ (స్కాన్ బొమ్మలు అందుకుని దాచే సర్వర్) "అసోసియేషన్ రిజెక్టెడ్", అంటే కనెక్షన్ ఒప్పుకోను, అంటోంది.

ఎక్కువగా ఏఈ టైటిల్ (డైకామ్ నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌కు పెట్టే పేరు) తప్పు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా ఒప్పుకోకపోవచ్చు. అసలు కనెక్టే కాకపోతే ఐపీ, పోర్టు, ఫైర్‌వాల్ చూడండి. సరిచేశాక ఎకో టెస్ట్ (అవతలి మెషీన్ జవాబిస్తోందో లేదో చూసేది) కొట్టండి.

సమస్య: ఒకరి ఫైల్లో ఇంకొకరి బొమ్మలు.

కారణం: ఎమర్జెన్సీలో టెన్షన్‌తో పాత ఐడీ మీదే కొత్త పేషెంటును ఎక్కించడం. అన్నిటికన్నా ప్రమాదం ఇదే.

పరిష్కారం: పేరు తెలియకపోయినా సరే, ప్రతి మనిషికీ కొత్త ఐడీ ఇవ్వండి. ఇప్పటికే కలిసిపోతే వెంటనే రేడియాలజిస్టుకు చెప్పి రిపోర్టు ఆపించండి. ఫైళ్లు విడదీసే పని ఆ తర్వాత.