హెడ్‌లైట్ వేస్తే టెంపరేచర్ ముల్లు లేస్తోందా?

మా పాత డీజిల్ జీపులో రాత్రిపూట లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోయేది, ఆపితే దిగిపోయేది. రేడియేటర్ చూస్తే చల్లగానే ఉంది. సెన్సార్ మార్చాను, డబ్బులు దండగ. తప్పు ఎర్త్‌ది, అంటే బ్యాటరీ నెగెటివ్‌ని ఇంజిన్‌కీ బాడీకీ కలిపే కనెక్షన్‌ది. విశాఖ సముద్రం ఒడ్డున లాసన్స్ బే కాలనీలో బండి బయట పెడితే ఉప్పుగాలికి ఎర్త్ బోల్టులు తుప్పు పట్టక మానవు.

పట్టుకోవడం తేలికే. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఇంజిన్ ఆన్, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్. నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ పోస్టుకే ఆనించాలి, దానికి బిగించిన క్లాంపుకి కాదు. ఎర్ర తీగను వరసగా ఇంజిన్ బ్లాకుకీ, బాడీకీ, డ్యాష్‌బోర్డు వెనక మీటర్ల ఎర్త్ వైరుకీ తాకించండి. 0.1 వోల్టు లోపుంటే బాగున్నట్టే. 0.2 దాటినచోట ఆగండి. నాకు బాడీ దగ్గరే 0.6 చూపించింది.

ఇంజిన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, ఆ చోటి ఎర్త్ బోల్టు విప్పి, వైరు చివరి రింగునీ కింది రేకునీ తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. బిగించాక పైన వాసెలిన్ పూయండి. నాకు 0.04కి దిగింది. ఖర్చు పది రూపాయల గరుకు కాగితమే.

సెన్సార్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టినా ఎర్త్ తెగొచ్చు, అదీ చూసుకోండి.

ముల్లు లైట్లతో సంబంధం లేకుండా లేస్తుంటే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు ఇంజిన్ నిజంగానే కాగుతోందేమో, బండి ఆపి చల్లారాక కూలెంట్ చూడండి.