వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దవారిని కొడుతున్నారన్న అనుమానం వస్తే ఏం చేయాలి?

"బాత్రూములో జారిపడ్డారండీ" అని ఆశ్రమం వాళ్లు చెప్పే మాట చాలాసార్లు నిజమే కావచ్చు. వయసు పైబడినకొద్దీ చర్మం పలచబడుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న దెబ్బకే ఒళ్లు కములుతుంది. అందువల్ల ఒక్క మచ్చను చూసి ఎవరిమీదా నింద వేయకూడదు, అలాగని ఆ సమాధానంతో సరిపెట్టుకోనూ కూడదు.

మొదట గాయం ఎక్కడుందో చూడండి. మామూలుగా తగిలే దెబ్బలు ఎక్కువగా ముంజేతులమీద, మోకాళ్లమీద, కాళ్లమీద కనిపిస్తాయి. చెవి, మెడ, వీపు, దండచేయి లోపలివైపు కమిలి ఉన్నా, రెండు మణికట్ల చుట్టూ ఒకే తీరుగా ఒరిపిడి గుర్తులున్నా కొట్టడమో, మంచానికి కట్టేయడమో జరిగి ఉండవచ్చునని అనుమానించాలి. మచ్చ రంగును బట్టి అది ఎన్నాళ్లనాటిదో నమ్మకంగా చెప్పలేం. మతిమరుపు వ్యాధి ఉన్నవారు జరిగింది చెప్పలేకపోయినా, ఫలానా ఆయా దగ్గరికి రాగానే ముడుచుకుపోవడం, స్నానానికి లేవదీస్తే వణికిపోవడం వంటివి గమనించదగ్గవి.

తరువాత వారితో ఏకాంతంగా మాట్లాడాలి, అన్నిటికంటే కష్టమైన పని ఇదే. సాయంత్రానికి మీరు వెళ్లిపోతారు, రాత్రికి వారు మళ్లీ ఆ సిబ్బంది చేతుల్లోనే ఉండాలి. ఆ భయమే వారి నోరు నొక్కేస్తుంది. కాబట్టి "ఎవరు కొట్టారు?" అని గద్దించకుండా "రాత్రిళ్లు ఎవరు చూసుకుంటారమ్మా? పక్క తడిస్తే ఏమంటారు?" అని నెమ్మదిగా అడగండి. విదేశాల్లో ఉన్న పిల్లలు సిబ్బంది పట్టుకున్న ఫోనులో వీడియో కాల్ చేసి నిజం తెలుసుకోలేరు. దగ్గర్లో ఉన్న బంధువును ముందుగా చెప్పకుండా పంపడం మేలు.

యాజమాన్యాన్ని నిలదీయడానికి ముందే గాయాలను తేదీతో సహా ఫోటో తీసి, పెద్దవారు చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్లు రాసుకోండి. సీసీ కెమెరాల దృశ్యాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి గనుక వాటిని భద్రపరచమని రాతపూర్వకంగా కోరండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి, దాడి జరిగిందన్న అనుమానాన్ని డాక్టరుకు స్పష్టంగా చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయవలసిన గాయం కేసుగా నమోదు చేయమనండి. విచారణ తేలేదాకా వారిని తిరిగి అక్కడికి పంపకండి.

ప్రాణాపాయం ఉంటే వెంటనే 112కు ఫోన్ చేయాలి. సలహాకు, సాయానికి వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది. పోలీసు ఫిర్యాదులో కావాలని గాయపరచడానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షన్‌తోపాటు, నిస్సహాయులను చూసుకుంటామని ఒప్పుకొని కావాలని విస్మరించడాన్ని నేరంగా పరిగణించే 357వ సెక్షన్‌ను కూడా ప్రస్తావించండి. "మా పరిధి కాదు" అన్నంత మాత్రాన వెనుదిరగనక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా పొందే హక్కు మీకుంది. న్యాయసహాయానికి 15100కు ఫోన్ చేయండి.

మీ వారిని బయటికి తెచ్చుకున్నాక కూడా, జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖకు ఫిర్యాదు రాసి ఆ ఆశ్రమాన్ని తనిఖీ చేయమని కోరండి. చూడడానికి ఎవరూ రానివారు అక్కడ ఇంకా ఉంటారు.