తక్కువ డోసు గుండె పర్ఫ్యూజన్ సీటీలో నాయిస్ తగ్గించాలంటే

పర్ఫ్యూజన్ స్టడీ అంటే గుండె కండరానికి రక్తం ఎలా అందుతుందో చూసే స్కాన్. అందులో మనం వెతికేది చాలా చిన్న తేడా. రక్తం బాగా అందే కండరం 110 హెచ్‌యూ (సీటీ బొమ్మలో తెలుపు నలుపుల కొలత), అందని చోట 75 అనుకుందాం. తేడా 35. ఆర్‌ఓఐ (బొమ్మ మీద కొలవడానికి గీసే చోటు) పెడితే ఎస్‌డీ (విలువల చెదురు, అంటే నాయిస్ కొలత) 30 వచ్చిందా, ఆ మచ్చ గరుకులో కలిసిపోతుంది. 12కు దిగితే చూడగానే తెలుస్తుంది. రేడియేషన్ డోసు సగం చేస్తే నాయిస్ 1.4 రెట్లు అవుతుంది. అదంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుందని వదిలేస్తే నాయిస్‌తో పాటు జబ్బూ చెరిగిపోతుంది. అందుకే పని పొద్దున మెషీన్ ఆన్ చేసినప్పుడే మొదలవ్వాలి.

ట్యూబ్ వార్మప్, ఎయిర్ క్యాలిబ్రేషన్ (మధ్యలో ఏమీ లేకుండా డిటెక్టర్‌ను సరిచూడటం) రోజూ చేయాలి. వరంగల్ ఎండల్లో రాత్రి ఏసీ ఆపేసిన గదిలో డిటెక్టర్ ఉష్ణోగ్రత నిలకడగా ఉండదు. గది చల్లబడ్డాక క్యాలిబ్రేట్ చేయండి, లేకపోతే బొమ్మలో రింగులు వస్తాయి. వాటిని ఏ ఫిల్టరూ పూర్తిగా తీయలేదు. వాటర్ ఫాంటమ్ (నీళ్లు నింపిన పరీక్ష డబ్బా) ఎస్‌డీ రిజిస్టర్‌లో రాసి పెట్టుకుంటే, అది మెల్లగా పెరుగుతున్న సంగతి ఇంజనీర్ వచ్చేలోపే తెలుస్తుంది.

పేషెంట్‌తో ముందుగా మాట్లాడాల్సింది చాయ్ గురించి. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో పొద్దున్నే బస్సెక్కినవాళ్లు హనుమకొండలో దిగగానే ఒక చాయ్ తాగి వస్తారు. గుండె రక్తనాళాలను వెడల్పు చేసి స్ట్రెస్ కలిగించడానికి ఇచ్చే మందు అడెనోసిన్; కెఫీన్ దాని పనిని అడ్డుకుంటుంది. స్ట్రెస్ సరిగా పడకపోతే ఆ 35 తేడా పదికి పడిపోవచ్చు, అప్పుడు ఎంత మంచి బొమ్మ తీసినా దండగే. 24 గంటల ముందు నుంచి చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్, చాక్లెట్ బంద్ అని అపాయింట్‌మెంట్ చీటీ మీదే రాయండి. అడెనోసిన్ నిమిషానికి కిలోకు 140 మైక్రోగ్రాములు; డాక్టర్ పక్కన ఉన్నప్పుడే ఇవ్వాలి. ఆస్తమా, పేస్‌మేకర్ లేని హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు.

డైనమిక్ స్కాన్ (ఒకే చోట వరసగా ఫ్రేములు తీసేది) దాదాపు 30 సెకన్లు నడుస్తుంది. మెషీన్‌లో రికార్డయిన గొంతు “శ్వాస తీసుకుని బిగబట్టండి” అంటే ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లు చాలామంది అయోమయంగా చూస్తారు. మైకులో మీరే చెప్పండి: “పెద్దవ్వా, దమ్ము కొంచెం గుంజి ఆపు, నేను చెప్పేదాక ఇడువకు.” బల్ల మీద రెండుసార్లు ప్రాక్టీస్ చేయించండి. నిండుగా పీలిస్తే చివర్లో ఆపలేక ఒక్కసారిగా వదిలేస్తారు, గుండె సెంటీమీటర్ల కొద్దీ జరుగుతుంది. సగం దమ్ము చాలు. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చేవాళ్లకు లంబాడీలో చెప్పే మనిషి ఉంటే ఇంకా మంచిది.

గుండె గ్యాంట్రీ (మెషీన్ గుండ్రటి రింగు) నడిమధ్యకు రావాలి. బల్ల నాలుగైదు సెంటీమీటర్లు కిందికో పైకో ఉన్నా బో-టై ఫిల్టర్ (అంచుల్లో కిరణాలను తగ్గించేది) లెక్క తప్పుతుంది, ఆటోమేటిక్ ఎంఏ (ట్యూబ్ కరెంటు) కూడా తప్పుతుంది. డోసు కాస్తా వృథా, నాయిస్ మాత్రం పెరుగుతుంది. చేతులు తల పైకి. ఈసీజీ లీడ్ల బటన్లు గుండెకు ఎదురుగా లేకుండా జరపండి.

కేవీ (ట్యూబ్ వోల్టేజి) విషయంలో 80 మంచి ఎంపిక. కాంట్రాస్ట్ మందులోని అయోడిన్ కే-ఎడ్జ్ (కిరణాలను ఒక్కసారిగా ఎక్కువగా పీల్చుకునే శక్తి) 33.2 కేఈవీ దగ్గర ఉంటుంది కాబట్టి, 120తో పోలిస్తే కాంట్రాస్ట్ ఒకటిన్నర రెట్లకు పైగా మెరుస్తుంది. కేవీ తగ్గించినప్పుడు ఎంఏ పెంచాలి, ట్యూబ్‌కేమో ఒక హద్దు ఉంది. లావుపాటి మనిషికి 80 పెడితే ఎంఏ ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది, గీతలు గీతలుగా నాయిస్ వస్తుంది. అలాంటివాళ్లకు 100 పెట్టండి. డోసు మిగిలించాలంటే స్కాన్ పొడవు తగ్గించండి, ఫ్రేములను రెండు మూడు సెకన్లకొకటి చేయండి. సిస్టోల్‌లో (గుండె ముడుచుకున్నప్పుడు) తీస్తే గుండె చిన్నగా, గోడ మందంగా ఉంటుంది.

కుడి మోచేతి మడతలో 18 గేజి ఆకుపచ్చ కాన్యులా పెట్టి, 50 ఎంఎల్ కాంట్రాస్ట్ సెకనుకు 5 ఎంఎల్ చొప్పున, వెంటనే 40 ఎంఎల్ సెలైన్. సెలైన్ ఎగ్గొడితే పై సిరలో చిక్కటి కాంట్రాస్ట్ నిలిచి చారలు గీస్తుంది.

రీకన్‌స్ట్రక్షన్‌లో (డేటా నుంచి బొమ్మ కట్టేటప్పుడు) స్లైస్ మందం అన్నిటికంటే చవకైన మందు. 1 మి.మీ. నుంచి 3 మి.మీ.కు వెళ్తే నాయిస్ సుమారు 1.7 రెట్లు తగ్గుతుంది. స్టెంట్ చూడటానికి వాడే షార్ప్ కెర్నల్ (బొమ్మ పదును నిర్ణయించే సెట్టింగ్) ఇక్కడ వద్దు, మెత్తటి కెర్నల్ తీసుకోండి. ఇటరేటివ్ (మళ్లీ మళ్లీ లెక్కవేసి నాయిస్ తగ్గించే పద్ధతి) స్థాయి ఐదింటిలో మూడు దగ్గర ఆపితే మేలు. ఐదుకు పెడితే కండరం మైనం పూసినట్టవుతుంది, లోపలి పొరలోని సన్నటి లోపం మాయమవుతుంది.

డైనమిక్ డేటాకు కాలం వెంట ఫిల్టర్ కూడా వేయవచ్చు: ఒకే తీరులో ఎక్కి దిగే టైమ్ కర్వ్ ఉన్న పక్కపక్క వోక్సెళ్లను (బొమ్మలోని చిన్న ఘనాలను) సగటు చేయడం. వరస మాత్రం మారకూడదు. ముందు మోషన్ కరెక్షన్, తర్వాతే ఫిల్టర్. కదిలిన ఫ్రేముల మీదే ఫిల్టర్ వేస్తే గోడలోకి రక్తం కలుస్తుంది. బృహద్ధమని కర్వ్‌ను ఫిల్టర్ వేయని డేటా నుంచే తీయండి. పెద్ద ఆర్‌ఓఐలో సగటు ఎలాగూ జరిగిపోతుంది. దాని శిఖరం అణిగితే రక్తప్రవాహం లెక్క ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది.

ఫిల్టర్ ఎక్కువైందో లేదో ఇలా చూడండి: అసలు బొమ్మలోంచి ఫిల్టర్ వేసినదాన్ని తీసివేయండి. మిగిలిన బొమ్మ అంతటా ఇసుక చల్లినట్టుంటే సరే. అందులో గుండె గోడ అంచు గీతలా కనబడితే నాయిస్‌తో పాటు సమాచారమూ పోయింది, ఒక మెట్టు దించండి.

చూసేటప్పుడు విండో వెడల్పు 200, లెవెల్ 100 పెట్టి, 5 నుంచి 8 మి.మీ. సగటు స్లాబ్‌లో చూడండి. ఎంఐపీ (అన్నిటికంటే తెల్లటి బిందువులనే చూపే పద్ధతి) వాడితే నల్ల మచ్చే దాక్కుంటుంది. కింది గోడ మొదట్లో ఎడమ జఠరికకూ దిగే బృహద్ధమనికీ నడుమ కనిపించే నల్ల పట్టీని తొందరపడి ఇస్కీమియా (రక్తం అందకపోవడం) అనొద్దు. అది తరచుగా బీమ్ హార్డెనింగే (దట్టమైన చోట్ల గుండా కిరణాలు పోయినప్పుడు పడే నకిలీ నీడ), తక్కువ కేవీలో ఇంకా ఎక్కువ. నిజమైన లోపం లోపలి పొర నుంచి మొదలై, ఒక రక్తనాళం పరిధిలోనే ఉంటూ, చాలా ఫ్రేములలో నిలుస్తుంది. అనుమానం ఉంటే బీమ్ హార్డెనింగ్ కరెక్షన్‌తో మళ్లీ రీకన్‌స్ట్రక్ట్ చేయాలి. దానికి రా డేటా (బొమ్మ కట్టకముందు డేటా) ఉండాలి, మెషీన్ దాన్ని కొద్ది రోజుల్లోనే తుడిచేస్తుంది కాబట్టి రిపోర్టు సంతకం అయ్యేదాకా లాక్ చేసి ఉంచండి.