గిటార్ పలికితే కంప్యూటర్ రాయాలి – 3వ పాఠం: లయను గీతల మధ్యకు తేవడం

గత పాఠంలో గిటార్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కంప్యూటర్‌కు కలిపాం. గిటార్ శబ్దాన్ని మిడిగా, అంటే ఏ స్వరం ఎప్పుడు ఎంతసేపు మోగిందో చెప్పే సమాచారంగా మార్చే, జామ్ ఆరిజిన్ సంస్థ తయారుచేసిన మిడి గిటార్ సాఫ్ట్‌వేర్‌ను తెరిచి, శబ్దం గరగరలాడకుండా వాల్యూమ్ సరిచేసుకున్నాం. ఈసారి ఒక్కొక్క స్వరంగా వాయించి, ఆ మిడి సమాచారాన్ని సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో చదవదగిన నొటేషన్‌గా (స్వరలిపిగా) మారుద్దాం. కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

ముందు ఒక విషయం అర్థం చేసుకోండి. ఏ ఫ్రెట్ (మెడ మీది గడి) నొక్కకుండా మీటితే 6వ తీగ, అంటే అన్నిటికన్నా లావుది, సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్కో కంపనానికి 12 మిల్లీసెకన్లు. స్వరం ఏదో తేల్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ రెండు కంపనాల పాటు వినాలనుకున్నా 24 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. 1వ తీగ 330 సార్లు కంపిస్తుంది కాబట్టి అక్కడ 6 మిల్లీసెకన్లు చాలు. మంద్ర స్వరాలు కాస్త వెనకబడి పలకడానికి కారణం ఇదే. కంప్యూటర్ నుంచి వచ్చే శబ్దాన్ని వింటూ వాయిస్తే మీ చెయ్యి కూడా దానితోపాటు వెనకబడుతుంది. ఆ శబ్దాన్ని ఆపేసి, మీ గిటార్‌నూ మెట్రోనోమ్‌నూ (సమానంగా తాళం కొట్టే సాధనాన్నీ) మాత్రమే వినండి.

మెట్రోనోమ్ లేకుండా రికార్డు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. సాఫ్ట్‌వేర్ స్వరాన్ని గుర్తుపడుతుంది కానీ మీ మనసులోని తాళం దానికి తెలియదు. వేగం నిమిషానికి 80 దెబ్బలు అనుకుందాం. ఒక దెబ్బ 750 మిల్లీసెకన్లు, అందులో సగం 375, పావు 187.5. మీరు దెబ్బకు రెండు స్వరాల చొప్పున వాయిస్తూ ఒక స్వరాన్ని 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా మీటారు. క్వాంటైజ్ చేసేటప్పుడు (స్వరాలను దగ్గరి తాళపు గడికి జరిపేటప్పుడు) పావు దెబ్బను ఎంచుకుంటే ఆ స్వరం పక్క గడిలోకి జారిపోతుంది, ఎందుకంటే 100 అనేది 187.5లో సగానికన్నా ఎక్కువ. నొటేషన్ నిండా అక్కర్లేని విరామాలు, ముడిగీతలు (ఒకే స్వరపు ముక్కలను కలిపే వంపు గీతలు) పుట్టుకొస్తాయి. అదే వాయింపుకు సగం దెబ్బను ఎంచుకోండి, స్వరం తన చోటనే కూర్చుంటుంది. మీరు వాయించిన అతి చిన్న స్వరం ఎంత పొడవో అంతకన్నా చిన్న కొలత ఎంచుకోవద్దు.

ఇక అభ్యాసం. 5వ తీగ 3వ ఫ్రెట్‌ను షడ్జంగా తీసుకుని, అక్కడి నుంచి 4వ తీగ మీద 0 (ఏమీ నొక్కకుండా), 2, 3 ఫ్రెట్లు, 3వ తీగ మీద 0, 2, 2వ తీగ మీద 0, 1 వాయించండి. శంకరాభరణం ఆరోహణ వస్తుంది. గమకాలు లేకుండా, దెబ్బకు ఒక స్వరం చొప్పున వాయించాలి. తీగను లాగితే శ్రుతి జారి, ఒక్క స్వరం మూడు నాలుగు ముక్కలుగా రాయబడుతుంది. తర్వాతి స్వరానికి వెళ్లేలోపు వెనకటి తీగను వేలితో ఆపండి, మోగుతూ ఉంటే అది కూడా కాగితం మీదకు ఎక్కుతుంది.

మిడి ఫైలును మ్యూజ్‌స్కోర్‌లో తెరిచాక వాద్యంగా గిటార్‌ను ఎంచుకోండి. గిటార్ సంగీతాన్ని అసలు పలికేదానికన్నా ఒక స్థాయి (ఆక్టేవ్) పైన రాస్తారు. మొదటి షడ్జం అయిదు గీతల కింద ఒక చిన్న గీత మీద, పై షడ్జం అడుగు నుంచి మూడో ఖాళీలో కనిపించాలి. ఒక్క స్వరం మాత్రమే స్థాయి పైకి ఎగిరిందంటే, బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర మీటినందువల్ల మూల కంపనం కన్నా దానికి రెట్టింపు కంపనం గట్టిగా వినిపించి ఉంటుంది. మెడ వైపు పికప్‌ను (తీగల కంపనాన్ని పట్టే భాగాన్ని) ఎంచుకుని, చేతిని కూడా అటు జరిపి మళ్లీ వాయించండి.

టాబ్‌ను (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెలతో చూపే రాతను) మాత్రం నమ్మేయవద్దు. 1వ తీగను ఏమీ నొక్కకుండా మీటితే వచ్చే స్వరమే 2వ తీగ 5వ ఫ్రెట్‌లో, 3వ తీగ 9వ ఫ్రెట్‌లో, 4వ తీగ 14వ ఫ్రెట్‌లో కూడా ఉంది. ఆరు తీగల శబ్దం ఒకే దారిలో వచ్చే మామూలు పికప్‌తో ఏ తీగ మోగిందో ఖాయంగా చెప్పడం కష్టం. తీగకొక దారి ఉండే హెక్సాఫోనిక్ పికప్‌కు ఆ ఇబ్బంది లేదు. మన అభ్యాసంలో మాత్రం ఫ్రెట్ అంకెలను చేత్తో సరిదిద్దండి.

ఇదే ఆరోహణను అవరోహణతో కలిపి, దెబ్బకు రెండు స్వరాల చొప్పున మళ్లీ రికార్డు చేసి దాచి ఉంచండి. వచ్చే పాఠంలో ఆ ఫైలు మీదే స్వరాల నిడివిని సరిచేస్తాం.