ఆకు రాలిన చీనీ చెట్టును అప్పుడే కొట్టేయకండి

మా అనంతపురం వైపు ఏప్రిల్ వచ్చిందంటే చాలు, బోరు ఎప్పుడు వట్టిపోతుందోనని చీనీ (బత్తాయి) రైతుకు ఒకటే టెన్షన్. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల, అదీ ఏటా పడుతుందన్న నమ్మకం లేదు. తోట ఆకు రాల్చగానే చెట్టు చచ్చిందనుకుని రంపం తెచ్చేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆకు రాల్చేది చావడానికి కాదు, బతకడానికి.

పూత కోసం మనమే నీళ్లు ఆపి చెట్టును బెట్టకు పెడతాం కదా, కొంతవరకు తట్టుకుంటుందని మనకు తెలిసిందే. నేలలో తడి తగ్గగానే ఆకు అడుగునున్న సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి, ఆకు దోనెలా ముడుచుకుంటుంది, అదీ చాలకపోతే కాయనూ ఆకునూ వదిలేస్తుంది. అంతకు మించి ఎండితే మాత్రం వేరు నుంచి చిగురు దాకా దారంలా సాగే నీటి ధార మధ్యలో తెగి అక్కడ గాలి బుడగలు చేరతాయి. అలా బుడగ పట్టిన దారుల్లో చాలావాటికి మళ్లీ నీళ్లెక్కవు, కొత్త చెక్క పెరిగితేనే కొత్త దారి. చిటారు కొమ్మలు ముందు ఎండేదీ, వాన పడ్డాక కూడా చెట్టు వెంటనే కోలుకోనిదీ ఇందుకే.

మధ్యాహ్నం ఆకు ముడుచుకుంటే కంగారు పడొద్దు. తెల్లవారుజామున, ఎండ రాకముందు వెళ్లి చూడండి. రాత్రి గడిచినా ఆకు విచ్చుకోలేదంటే ఆ చెట్టుకు ఆ రోజే నీళ్లు కావాలి.

ట్యాంకర్ నీళ్లు కొనే పరిస్థితి వస్తే ఒక్క చుక్క కూడా మొదలు దగ్గర పోయకండి. నీళ్లు తాగే పీచు వేళ్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలో, కొమ్మల నీడ అంచు దాకా పరుచుకుని ఉంటాయి, పైగా మొదలు తడిస్తే చీనీకి బంక తెగులు భయం. నీడ అంచున పాది తీసి, సాయంత్రం పూట నెమ్మదిగా ఇంకేలా పెట్టండి. రోజూ బిందెడు చల్లితే పై మట్టి తడిసి ఆవిరైపోతుంది, దానికంటే వారానికోసారి లోతుగా తడపడం నయం. పాదిలో వేరుశనగ పొట్టు నాలుగంగుళాల మందాన పరిచి, మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదలండి. ఉన్న కాయలు కోసేయండి, మనసొప్పదు గానీ చెట్టు మిగలాలంటే తప్పదు. ఆకు పోయిన కొమ్మల బెరడు ఎండకు పగలకుండా మొదలుకూ లావు కొమ్మలకూ సున్నం పూయండి. ఆకు ఇంకా ఉన్న చెట్లకు లీటరు నీటికి 50 గ్రాముల కేయోలిన్ (తెల్ల బంకమట్టి పొడి) కలిపి పిచికారీ చేస్తే ఎండ తాకిడి తగ్గుతుంది. యూరియా జోలికి మాత్రం పోవద్దు.

ఇక చెట్టు బతికుందో లేదో గోరే చెబుతుంది. పెన్సిల్ లావు కొమ్మ మీద బెరడు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందకి, లావు కొమ్మ మీద గీకండి. పచ్చదనం ఎక్కడ దొరికితే అక్కడి దాకా చెట్టు మీదే.

వాన పడిన సంతోషంలో నీళ్లు ముంచెత్తేస్తాం చూడండి, అదే పెద్ద పొరపాటు. ఆకే లేని చెట్టు తాగేది చాలా తక్కువ, బలహీనపడ్డ వేళ్లు ఆ తడిలో కుళ్లిపోతాయి. చిగురు వచ్చేదాకా ఆగి, ఎండు కొమ్మలను పచ్చ చెక్క దాకా కోసి, కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయండి. లేత చిగుళ్లలో ఆకు తొలిచే పురుగు పడుతుంది, గమనిస్తూ ఉండండి. ఎరువు ఆ చిగురు ముదిరాకే, అదీ కొంచెం కొంచెంగా. మొదటి పూతకు వచ్చిన పిందెలు తీసేయండి. మరుసటి ఏడాది నీళ్లు బాగున్నా ఒకటీ అరా కొమ్మ ఎండొచ్చు, అది పాత బెట్ట దెబ్బే, ఆ కొమ్మ వరకే కోసి చెట్టును వదిలేయండి.