హోమోసిస్టీన్ టెస్టుకి వస్తున్నారా? ముందు ఇది చదవండి

షుగరు టెస్టుకి వచ్చేవాళ్లకి నేనేమీ చెప్పక్కర్లేదు, మాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. హోమోసిస్టీన్ రాయించుకొచ్చినవాళ్లకి మాత్రం సూది పట్టుకునే ముందు చిన్న క్లాసు పీకుతాను.

గుడ్లు, మాంసం, పాలలో ఉండే, ప్రొటీన్‌లో భాగమైన మెథియోనిన్‌ని ఒళ్లు వాడుకునేటప్పుడు మధ్యలో పుట్టేదే హోమోసిస్టీన్. విటమిన్ బి12, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ రకం బి విటమిన్) సాయంతో అది మళ్లీ మెథియోనిన్ అవుతుంది, బి6 సాయంతో సిస్టీన్ అనే ఇంకో పదార్థం వైపు పోతుంది. ఇవి చాలకపోతే రక్తంలో పేరుకుంటుంది.

ముందురోజు రాత్రి బిర్యానీ జోలికి పోకుండా తేలిగ్గా తినండి. తర్వాత పది పన్నెండు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. "ఒక్క గుక్క కాఫీయేనండీ" అంటారు. అదీ వద్దు. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు కాబట్టి ఆ సంగతి చెప్పండి. బి12 ఇంజక్షన్లు చేయించుకుంటున్నా చెప్పండి.

అసలు తంటా శాంపిల్‌తోనే. తీశాక కూడా ట్యూబులో ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ని వదులుతూనే ఉంటాయి. బయట ఉంచేస్తే గంటకి సుమారు 10 శాతం పెరుగుతుంది. ఊదారంగు మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులో తీసి, వెంటనే ఐసులో పెట్టి, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరు చేయాలి. ఇంటికొచ్చి తీసుకెళ్లే అబ్బాయి ఇంకో నాలుగిళ్లు తిరగాలంటే, మే నెల బెజవాడ ఎండలో ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఐసు బాక్సుందా, ఎంతసేపట్లో వేరు చేస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. నన్నడిగితే, ఈ ఒక్క టెస్టుకీ ల్యాబుకే రండి.

రిపోర్టులో లీటరుకి 5 నుంచి 15 మైక్రోమోల్స్ మామూలు. ఇది పెరిగితే గుండెపోటని ఎక్కడో విని, 18 చూసి టెన్షన్ పెట్టుకోకండి. కిడ్నీ, థైరాయిడ్ సమస్యలున్నా, సిగరెట్ తాగినా పెరుగుతుంది. విటమిన్లతో ఈ అంకె దిగొచ్చినా గుండెపోట్లు తగ్గలేదని 2006లో హోప్-2, నార్విట్ అధ్యయనాలు తేల్చాయి. అలాగని వదిలేయొద్దు, బి12, ఫోలేట్, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు) చూపించుకోండి. మెడికల్ షాపులో ఫోలిక్ యాసిడ్ ఒక్కటే కొనుక్కుని మింగకండి. బి12 లోపం ఉంటే రక్తహీనత సర్దుకున్నట్టే కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

100 దాటితే, అందులోనూ పిల్లలకైతే, అది పుట్టుకతో వచ్చే హోమోసిస్టిన్యూరియా కావచ్చు. ఆలస్యం చేయకుండా జెనెటిక్స్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మందులు వాడాక మళ్లీ చేయించుకుంటే అదే ల్యాబులో చేయించుకోండి, పాత రిపోర్టు వెంట తెచ్చుకోండి.